పెట్టెలో సైకిలు.. బిగించేదెవరు?

ధర ఫోన్‌లో చూసి, బేరం షాపులో ఆడుతున్నారన్నది బళ్లారి, హోసూరు, బరంపురం సైకిల్ దుకాణదారుల బాధ. ఇది తీసిపారేసేది కాదు. వేల సైకిళ్లు ఒక్కసారే కొనే ఆన్‌లైన్ సంస్థతో, పది కొనాలంటే అప్పు చేసే చిన్న షాపు ధరలో పోటీ పడలేదు.

అయితే ఆ సైకిలు వచ్చేది అట్టపెట్టెలో, పూర్తిగా బిగించకుండా. హ్యాండిల్, పెడళ్లు, ముందుచక్రం బిగించాలి. బ్రేకులు సరిచూడాలి. ఆ పని తెలిసింది వీధి మేస్త్రీకే. 'కొన్నచోటికే పో' అనడమంటే గుమ్మంలోకొచ్చిన గిరాకీని కాలదన్నుకోవడమే.

బిగింపుకింత, పంక్చరుకింత, ఏడాది సర్వీసుకింత అని ఆ ఊరి భాషలో, పక్కనే తెలుగులో బోర్డు పెట్టాలి. విడిభాగం ఉందో లేదో వాట్సాప్‌లో చెప్పాలి. పిల్లాడి ఎత్తు చూసి సైజు ఎంచడం, పాతది మార్పిడికి తీసుకోవడం షాపుకున్న బలాలు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనపడాలి. లేకుంటే ఉన్న నమ్మకమూ పోతుంది.

అమ్మకంలో తగ్గిన లాభాన్ని పానా పట్టి రాబట్టుకోవచ్చు. షట్టరు దించేముందు ఆ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.