నాకేం కావాలే!

వరలక్ష్మీ వ్రతం నాడు ప్రతి ఏడూ అమ్మను అడిగేదాన్ని, ఏం కోరుకున్నావని. "నాకేం కావాలే, మీరంతా చల్లగా ఉంటే చాలు" అనేది. మోకాళ్ల నొప్పులతో పీట మీద కూర్చోలేక, గోడకు చేరగిలబడి కథ చదివిన ఏడు కూడా అదే జవాబు. తొమ్మిది ముళ్ల తోరంలో ఒక్క ముడీ తన మోకాళ్ల కోసం పడలేదు.

అడగడం తప్పని మన పూజలు ఎక్కడా అనలేదు. రుద్రాభిషేకంలో చదివే చమకం పదకొండు అనువాకాలూ కోరికలే. వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు... ప్రతిదానికీ "నాకు కూడా" అనే మాట తగిలించి మరీ అడుగుతారు. సంప్రదాయం ప్రకారం అడిగే ఆ నోరు మగవాడిది. మనకిచ్చిన నోముల్లోనూ కోరికలున్నాయి. అట్లతద్ది మంచి మొగుడి కోసం, మంగళగౌరి ఐదోతనం కోసం!

సభాపర్వంలో ధృతరాష్ట్రుడు వరమడగమంటే ద్రౌపది మొదట ధర్మరాజు దాస్యం పోవాలంది. తర్వాత మిగిలిన నలుగురినీ విడిపించమంది. మూడోది కూడా కోరుకోమంటే, ఆశ ధర్మాన్ని చెరుస్తుందని వద్దంది. జుట్టు పట్టి సభకు ఈడ్చింది ఎవరిని? తన కోసం అడగడానికి ఆమెకేమీ లేదా? పురాణం చెప్పేవాళ్లు దీన్ని ఆమె గొప్పతనంగా చెబుతారు. నాకు మాత్రం ఆ మూడో వరం దగ్గరే మనసు ఆగిపోతుంది.

నిష్కామ భక్తి ఉత్తమమంటారు. కావచ్చు. కోరుకునే వీలున్నవాడు కోరిక వదులుకుంటే త్యాగమే. కోరుకోకూడదని పుట్టినప్పట్నుంచీ నేర్చుకున్న మనిషి వదులుకునేదేమిటో మీరే చెప్పండి.

ఈ అలవాటు పూజగదిలో ఆగేది కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది, అప్పటికి పెళ్లికానివాళ్లకు. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే మా అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. ఆ రోజు నేను అందరికీ కాఫీలందించి, చీర పెట్టించుకుని వచ్చేశాను. "నాకేం కావాలన్నయ్యా" అన్నాను కూడా. అచ్చం అమ్మలాగే.

మొన్న శ్రావణంలో తోరం కట్టుకుంటూ, నా నడుంనొప్పి తగ్గాలని పైకే అన్నాను. పేరంటానికొచ్చిన పక్కింటావిడ నవ్వింది. కాసేపాగి, తనకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనీ, అదీ అడగొచ్చా అనీ మెల్లగా అంది. ఇద్దరం అడిగాం.

అన్నయ్యను అడగడం ఇంకా మిగిలే ఉంది.