స్టీలు గిన్నెలో కళ, మట్టికుండలో నేరం

అత్త పగలగొడితే పాత కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ రోజుల్లో కుండ పగలక్కర్లేదు, పొయ్యిమీద పెడితే చాలు, అది ఎవరిదన్నదాన్ని బట్టి పేరు మారిపోతోంది. హైదరాబాదు ఫ్లాటులో కుర్రవాడు గింజలు నానేసి బీరు కాస్తే ‘హాబీ’ అంటాం. మా ఇచ్చోడ దగ్గరి గూడెంలో గోండు ఆడమనిషి ఇప్పపువ్వు నానేసి సారా కాస్తే ‘నేరం’ అంటాం. ఈ రెండు నాల్కల మాట మీదే నా కోపమంతా.

ముందు ఆ ఫ్లాటు ముచ్చట వినండి. మా చెల్లెలి కొడుకు రెండు గదుల ఇంట్లోనే ఈ పని పెట్టుకున్నాడు. మొలకెత్తించి ఎండబెట్టిన యవలను బరకగా మరపట్టి, గుడ్డసంచిలో పోసి, పెద్ద స్టీలు గిన్నెలో 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఊరనిస్తాడు. గింజలోని పిండి చక్కెరవుతుంది. ఆ తియ్యని నీళ్ళలో చేదు కోసం హాప్స్ అనే పువ్వులు వేసి మరో గంట మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి మూత పెడతాడు. రెండు వారాలు పులిసి, ఇంకో రెండు వారాలు సీసాల్లో ఉంటే బీరు తయారు. మా చెల్లెలు “వీడికెంత ఓపికో!” అని మురిసిపోతుంది. 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కాయడం నీకూ తప్పేరా అంటే, “అమ్మడం లేదుగా పెద్దమ్మా!” అని నవ్వేస్తాడు.

ఇక గూడెం సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారేసరికి ఇప్పచెట్ల కింద పువ్వు రాలి ఉంటుంది. ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలతో వెళ్ళి ఏరుకొచ్చి ఎండబోసుకుంటారు. కొంత వండుకు తింటారు, కొంత అమ్ముకుంటారు, కొంత నీళ్ళలో పులియబెట్టి, మరగించి, ఆవిరి పట్టి సారా దించుతారు. పెళ్ళికి, చావుకు, దేవుడి ముందు ధార పోయడానికి అది కావాలి. థర్మామీటరు లేకుండా వాసన పట్టి పులుపు తేల్చే నేర్పు వాళ్ళది. అయినా ఎక్సైజువాళ్ళు వచ్చి కుండలు బద్దలుకొట్టి, ఊట పారబోసి, కేసు రాసేది అక్కడే. ఫ్లాటు తలుపు తట్టేవాడేడీ?

ఈ చూపు కొత్తది కాదు. తెల్లదొరలు 1892లోనే బొంబాయి ప్రెసిడెన్సీలో ఇప్పపువ్వు ఏరి దాచుకోవడం మీద ఆంక్షలు పెడుతూ చట్టం చేశారు. జనం ఆరోగ్యం కన్నా అబ్కారీ ఆదాయం మీద వాళ్ళకు ప్రేమ ఎక్కువ కాబోలు!

బీరు వేరు, సారా వేరు అంటారా? ఒప్పుకుంటాను. బీరులో మత్తు నూటికి నాలుగైదు పాళ్ళే, దించిన సారాలో చాలా ఎక్కువ. అమెరికావాళ్ళు కూడా 1978లో ఇంటివాడకానికి బీరు కాచుకోవచ్చని చట్టం చేసి, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లని కొలత పెట్టారు, సారా దించడానికి మాత్రం ఒప్పుకోలేదు. సరే, ఘాటును బట్టి హద్దు గీయండి. కులాన్నీ కొంపనూ చూసి గీయకండి.

సారా వ్యతిరేక ఉద్యమం మరిచిపోయావా అని ఎవరైనా అక్కగారు నిలదీయవచ్చు. మరిచిపోలేదమ్మా. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో వెలిగించిన నిప్పు రాష్ట్రమంతా రగిలింది. దానివల్లే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఆ తల్లులు తిరగబడింది మొగుడి కూలిడబ్బు మింగేసిన దుకాణం మీద, ఆ దుకాణాన్ని వేలం వేసి ఖజానా నింపుకున్న సర్కారు మీద. ఇప్పుడు వైన్‌షాపు వీధి మొగలోనే దర్జాగా ఉంది. మనం దాని పక్కనుంచే కూరగాయలకు వెళ్ళొస్తున్నాం. తాగుడు ఇల్లు కూలుస్తుందన్న మాట నిజమే, గూడెంలోనూ కూలుస్తుంది. ఆ నీతి వైన్‌షాపుకూ, మా చెల్లెలి కొడుక్కూ కూడా చెబితేనే అందంగా ఉంటుంది.

నేనడిగేది గొంతెమ్మ కోరికేమీ కాదు. దేవుడి పనికి, ఇంటి అవసరానికి ఒక కొలత పెట్టండి. కాచి అమ్మాలంటే ఆడవాళ్ళ సంఘాలకు లైసెన్సిచ్చి, సరుకు పరీక్ష చేయించండి. మధ్యప్రదేశ్‌లో 2023లో ఇప్పసారాకు అలాంటి నియమాలే తెచ్చారు. ఘాటు కోసం ఏవేవో కలిపి అమ్మే గుడుంబావాళ్ళను మాత్రం వదలొద్దు. సారా అసలే వద్దంటారా? మన ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు, అవి కొనండి. ఆ పువ్వుకు మంచి ధర పలికితే దాన్ని కుండలో పోసేవాళ్ళే తగ్గుతారు.

రాత్రి నానిన ఇడ్లీపిండి తెల్లారేసరికి ఎందుకు పొంగుతుందో మనకు తెలుసు. పులియబెట్టడం పాపమని మన వంటిళ్ళలో ఎవరూ అనరు. అందుకే ఈసారి మీ ఇంటికొచ్చిన చుట్టాలు “ఆ అడవివాళ్ళంతా సారా కాచేవాళ్ళే” అంటే, కాఫీ చేతికిస్తూనే అడగండి: “మరి మీవాడు కాచే బీరు ఎంతదాకా వచ్చింది?”