ఖాళీ సీసాకు అడ్వాన్సు పెట్టాలి: అక్టోబరు 2 గ్రామసభకు ఇంటికొకరు రండి!

అన్నలారా, అక్కలారా, కొట్లు నడుపుకునే సోదరులారా!

మురుక్కాలవలోంచి ఎత్తి గట్టున పోసిన పూడిక చూశారా? మట్టికంటే నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లే ఎక్కువ. మనకు శుభ్రత తెలియకే ఇలా అయిందంటూ బోర్డులు రాస్తున్నారు. మేం ఒప్పుకోం. వాడి పారేయడం తప్ప దారిలేని సరుకు తయారుచేసి అమ్ముకున్నవాళ్లదే మొదటి బాధ్యత.

2019లో ప్రపంచం వాడిన ప్లాస్టిక్ 46 కోట్ల టన్నులు. చెత్తయిన దాంట్లో రీసైక్లింగుకు నోచుకున్నది నూటికి 9 వంతులే. ప్లాస్టిక్ కట్టడిపై ప్రపంచ దేశాల చర్చల్లో ఉత్పత్తికే హద్దు పెడదామంటే, ప్లాస్టిక్ ముడిసరుకైన చమురు అమ్మే దేశాలు అడ్డుపడ్డాయి. 2025 ఆగస్టులో జెనీవా చర్చల్లోనూ ఒప్పందం కుదరలేదు. మన దేశం 2022 జులై 1 నుంచి 19 రకాల ప్లాస్టిక్ వస్తువులు నిషేధించింది. స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు అందులో ఉన్నాయి. నీళ్ల సీసా లేదు, చిప్స్ కవరు లేదు! జరిమానాలేమో కూరగాయల బండికీ, చిన్న కిరాణా కొట్టుకీ. ఇది అన్యాయం.

ఒకప్పుడు కూల్‌డ్రింకు ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్లో సీసాకు అడ్వాన్సు కట్టేవాళ్లం. ఆ సీసాను ఎవరైనా కాలవలో పారేశారా? జర్మనీ 2003 నుంచి ఈ పనే చట్టంతో చేయిస్తోంది. సీసాకు 25 సెంట్లు ముందే కట్టాలి, ఖాళీది దుకాణంలో ఇస్తే ఆ డబ్బు వెనక్కొస్తుంది. నూటికి 90కి పైగా సీసాలు తిరిగొస్తున్నాయి. అంత దూరమెందుకు, తిరుమల కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేశారు. గాజు సీసాకు డబ్బు కట్టించుకుని, ఖాళీది ఇచ్చాక తిరిగిస్తున్నారు. రోజూ వేలమంది వచ్చే చోట సాగుతున్న పద్ధతి మన దగ్గర సాగదా? ఎవరో రోడ్డున వదిలేసినా, దాన్ని ఏరి తెచ్చిన పేదతల్లికి ఆ డబ్బు ముడుతుంది.

గ్రామసభలో ఈ తీర్మానం చేయిద్దాం:

రాష్ట్రంలో అమ్మే ప్రతి ప్లాస్టిక్ సీసాకూ అడ్వాన్సు పెడుతూ ప్రభుత్వం చట్టం తేవాలి. సీసాలు వెనక్కి తీసుకునే ఖర్చు కంపెనీలదే, కొట్టువాళ్ల నెత్తిన రుద్దకూడదు. ఎవరూ ఏరని చిప్స్, షాంపూ కవర్లను 2016 నాటి ప్లాస్టిక్ చెత్త నిబంధనల ప్రకారం కంపెనీలతోనే ఎత్తించాలి. సిద్దిపేటలోలా మన పంచాయతీ కూడా స్టీల్ బ్యాంకు పెట్టి, పెళ్లిళ్లకూ పేరంటాలకూ పళ్లాలు, గ్లాసులు ఇవ్వాలి.

ఉదయం 10 గంటలకు పంచాయతీ ఆఫీసు దగ్గర కలుద్దాం. ఇంట్లో ఉన్న ఖాళీ సీసాలన్నీ గోనెసంచిలో వేసుకుని రండి. అక్కడే పోగుపోసి, అందరి ముందూ లెక్కపెట్టి, ఆ లెక్కతో సహా తీర్మానాన్ని ఎంపీడీవో గారి చేతికిద్దాం!