మరణశాసనమును ప్రశ్నించవచ్చునా?



తండ్రి భూస్థాపన జరిగి నెల తిరగకముందే పెద్దకుమారుడు ఒక వీలునామా తీసి చూపిస్తాడు. పొలమంతా అతని పేరనే ఉంటుంది. పెండ్లయి వెళ్లిన కుమార్తె పాస్టరు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నేను కోర్టుకు వెళ్తే పాపమా?" అని కన్నీళ్లతో అడుగుతుంది. పరిచర్యలో ఈ ప్రశ్న మాకు ఎదురవుతూనే ఉంది. కొందరు పెద్దలు వెంటనే మొదటి కొరింథీ 6వ అధ్యాయము చూపించి ఆమె నోరు మూయిస్తారు. అది న్యాయము కాదని మా అభిప్రాయము. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, సర్వసమాజము ఎదుట నిలిచి తండ్రి స్వాస్థ్యములో భాగము అడిగారు (సంఖ్యా. 27). దేవుడు వారిని గద్దించలేదు, వారి మాట సరియైనదన్నాడు.

అయితే ఏమి అడుగుతున్నామో ముందు తెలుసుకోవాలి. ఆస్తి విషయములో మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టము. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే భార్యకు మూడోవంతు, మిగిలినది కుమారులకు, కుమార్తెలకు సమానముగా వస్తుంది. వీలునామా వ్రాస్తే మాత్రము తన ఆస్తిని ఎవరికైనా ఇచ్చే హక్కు ఆయనకున్నది. పుట్టుకతోనే వాటా వస్తుందనే మాట హిందూ ఉమ్మడి కుటుంబమునకు చెందినది, మనకు కాదు. కనుక "నాన్న నాకు అన్యాయము చేశాడు" అన్నంత మాత్రాన వీలునామా కొట్టివేయబడదు. "ఇది నాన్న మాట కాదు" అంటే కోర్టు వింటుంది.

ఇస్సాకును జ్ఞాపకము చేసుకోండి. కన్నులు మసకబారాయి. మనస్సు ఏశావు మీద ఉంది. యాకోబు మేకపిల్లల చర్మము చేతులకు కప్పుకొని వచ్చాడు, వెనుక నుండి ఏర్పాటు చేసింది తల్లి. (ఆ దీవెన ఎందుకు నిలిచిందన్నది వేరొక నెల చూద్దాము.) మన చట్టము 61వ సెక్షను ప్రకారము మోసముతో గాని, బలవంతముతో గాని, మనిషి స్వేచ్ఛను హరించే ఒత్తిడితో గాని వ్రాయించిన వీలునామా చెల్లదు. ఆ సెక్షను క్రింద ఇచ్చిన ఉదాహరణలు బాగుంటాయి. బ్రతిమాలి నచ్చజెప్పినా, తండ్రి తన బుద్ధితో ఒప్పుకొని వ్రాస్తే చెల్లుతుంది. ఆస్తి కోసమే సేవలు చేసి, పొగడి మెప్పు పొందినా చెల్లుతుంది. ఇది చాలామందికి మింగుడు పడదు! కాని ఎదిరించే శక్తి లేని రోగి, ఈ పోరు పడలేక, ప్రశాంతత కోసమే వ్రేలిముద్ర వేస్తే అది చెల్లదు.

ముసలితనము ఒక్కటే కారణము కాదు. జబ్బు వలన గాని మత్తు వలన గాని తానేమి చేస్తున్నదీ తెలియని స్థితిలో వ్రాసినది చెల్లదు. ఆనాటి ఆసుపత్రి కాగితములు ఇందుకు మంచి సాక్ష్యము, పారవేయవద్దు.

తరువాత సాక్షులు. ఇద్దరైనా ఉండాలి. ఆయన సంతకము పెట్టడము కన్నులారా చూచినవారో, అది తన సంతకమేనని ఆయన నోట విన్నవారో ఆయన ఎదుటనే సంతకము చేయాలి. పాస్టరు సంతకముంటే బలమని మమ్మును పిలుస్తుంటారు. చూడనిదానికి మేము సంతకము చేయము. రేపు కోర్టు బోనులో నిలబడి చెప్పవలసినది ఆ సాక్షులే. మరొక సంగతి చాలామందికి తెలియదు: సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని వ్రాసిన భాగము క్రైస్తవులకు చెల్లదు, మిగిలిన వీలునామా నిలుస్తుంది. అల్లుడు సాక్షిగా సంతకము చేస్తే కూతురికి వ్రాసినది పోయినట్టే. అలాగే వీలునామా వ్రాసిన తరువాత వివాహము చేసుకుంటే పాత వీలునామా ఆ వివాహముతోనే రద్దవుతుంది.

రుజువు భారము ఎవరిది? వీలునామా తెచ్చినవానిదే. అతడే దగ్గరుండి వ్రాయించి, ఎక్కువ లాభము తానే పొందితే, ఆ అనుమానము అతడే తొలగించాలని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. రిజిస్టరు చేయించినంత మాత్రాన అనుమానము పోదు. అయితే మోసము, బలవంతము జరిగిందని మనము ఆరోపిస్తే దానిని మనమే రుజువు చేయాలి.

కాబట్టి ఆ సహోదరికి మా సలహా ఇది. రిజిస్టరైన వీలునామా అయితే, తండ్రి మరణించాడు కనుక, సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో నకలు అడిగి తీసుకో. సంఘ పెద్దల ఎదుట అన్నతో కూర్చొని మాట్లాడు. పౌలు అడిగినది ఇదే గదా. కుదరకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండా అక్కడ ఉచితముగా వకీలును ఇస్తారు. లోక్ అదాలత్‌లో ఇరువురూ ఒప్పుకొని రాజీపడితే దానిమీద అప్పీలు ఉండదు. ఈలోగా అన్న తెచ్చిన ఏ కాగితము మీదా చదివించుకోకుండా సంతకము పెట్టవద్దు.