ముందు నిప్పు, తరువాతే పెట్రోలు

షామ్‌బర్గ్‌లో ఏప్రిల్ రాగానే, చలికాలమంతా ముసుగుతన్ని పడుకున్న పాత మోటారు సైకిళ్ళు గరాజుల్లోంచి బయటికి వస్తాయి. చాలా బండ్లు ఓ పట్టాన స్టార్టు కావు. యజమాని వెంటనే "కార్బ్యురేటర్ పాడయింది" అని తీర్పు చెప్పేస్తాడు. ఇండియాలో బుల్లెట్టో, యెజ్దీయో నడిపి, ఇక్కడ ముచ్చటపడి 1970ల నాటి జపాను బండి కొనుక్కున్న మన తెలుగువాళ్ళదీ ఇదే వరస.

ఈ తీర్పు తొందరపాటని నా అభిప్రాయం. పాత బండి మొరాయిస్తే ముందు ఇగ్నిషన్ సంగతి తేల్చుకోవాలి. కార్బ్యురేటర్ విప్పడం ఆఖరి పని.

ఎందుకంటే ఈ రెండు జబ్బుల లక్షణాలూ ఒకేలా కనిపిస్తాయి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసిబారుతుంది. స్పార్కు బలహీనంగా ఉన్నా పెట్రోలు సరిగ్గా కాలక అదే మసి పడుతుంది. పైగా స్పార్కు చూడటానికి అయిదు నిమిషాలు చాలు. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి సిలిండరుకొకటి చొప్పున నాలుగు కార్బ్యురేటర్లు. వాటిని విప్పి, శుభ్రం చేసి, నాలుగూ ఒకే తీరున గాలి పీల్చేలా మళ్ళీ అమర్చాలంటే శనాదివారాలు రెండూ హరీ!

మరి వరసేమిటి? నాలుగైదు కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, మండటం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. తరువాత ప్లగ్గుని క్యాపుకి తగిలించి, ఇంజను లోహానికి ఆనించి మళ్ళీ కిక్కు కొట్టండి. ప్లగ్గు రంధ్రానికీ, చిందిన పెట్రోలుకీ దూరంగా ఉంచడం మరవకండి. నీలంగా, చిటచిటలాడుతూ స్పార్కు రావాలి. పసుపుపచ్చగా, నీరసంగా వస్తే బ్యాటరీ, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ వరసగా చూడాలి.

పాయింట్లంటే ఒక చిన్న స్విచ్చి. అవి కలిసి ఉన్నప్పుడు కాయిల్లో కరెంటు పారుతుంది. విడిపోయిన క్షణాన అక్కడి అయస్కాంత క్షేత్రం కూలి, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. ఆ హోండా పాయింట్ల మధ్య ఎడం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. కండెన్సర్ చచ్చుబడితే స్పార్కు ప్లగ్గు దగ్గర కాక పాయింట్ల దగ్గరే రేగి, వాటిని కాల్చేస్తుంది.

మా మిత్రుడొకరి బండికి ఒక దుకాణంలో కార్బ్యురేటర్లన్నీ మార్చాలన్నారు. చూస్తే ప్లగ్గులు తడి, స్పార్కు పసుపు, పాయింట్లు మాడిపోయి ఉన్నాయి. పాయింట్లూ, కండెన్సర్లూ మార్చాక బండి పలికింది. కార్బ్యురేటర్లను ఎవరూ ముట్టుకోలేదు.

"చలికాలం తరువాత కార్బ్యురేటర్ నిజంగానే పూడుకుపోతుంది కదా?" అంటారు. నిజమే. ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నెలల తరబడి నిలవుంటే తేమని పీల్చుకుంటుంది, ఆవిరై జిగురు మిగులుస్తుంది. స్లో జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు కనుక ముందుగా అదే మూసుకుంటుంది. అయితే దానికీ గుర్తుంది: చోక్ లాగితే నడిచి, తీస్తే ఆగిపోతుంది. కాసేపు నడిచి ఆగి, ట్యాంకు మూత తెరవగానే మళ్ళీ నడిస్తే తప్పు మూతలోని గాలి రంధ్రానిది. గుర్తు చూశాకే స్క్రూడ్రైవరు పట్టమంటున్నాను, అంతే.

ఈ ఊరికి ఇగ్నిషన్ కథ కొత్త కాదు. 1976 నుంచి నాలుగు దశాబ్దాల పాటు ఇక్కడే కేంద్ర కార్యాలయం నడిపిన మోటరోలాకి ఆ పేరు 1930 నాటి కారు రేడియోతో వచ్చింది. ఆ రోజుల్లో కారు రేడియోకి పెద్ద బెడద ఇంజను స్పార్కుల రొద. రేడియో మార్చితే ఆ రొద పోదు, అది పుట్టేచోటే అణచాలి.

చలికాలానికి ముందు పెట్రోలు కాక్ కట్టేసి, కార్బ్యురేటర్ల ఫ్లోట్ బౌళ్ళు ఖాళీ చేయండి. ఊళ్ళో నాన్నగారి బుల్లెట్టు మూలనున్నవారికీ ఇదే సలహా. ఇండియాలో 2025 నాటికి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత రబ్బరు గొట్టాలూ, సీళ్ళూ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాటిని ఓసారి చూడమని ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి. "ఎలాగూ నడవదు" అని పాత సామాన్లవాడికి ఇచ్చేసేలోపు ఒక్కసారి ప్లగ్గు విప్పి చూడమనండి.