అరగని వెండి

పాత జర్మన్ రాజ్యాల వెండి నాణేల వేలం క్యాటలాగులు తిరగేస్తుంటే రెండు పొగడ్తలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. ఒకటి, అపురూపం. రెండు, అరుగుదల లేదు. ఈ రెండోది పొగడ్త ఎలా అయిందో నాకు అర్థం కాదు. నాణెం పుట్టిందే చేతులు మారడానికి కదా!

బ్రౌన్‌ష్వైగ్-వోల్ఫెన్‌బ్యూటెల్ డ్యూక్ జూలియస్ 1574 నుంచి కొట్టించిన లోజర్లనే తీసుకోండి. మామూలు థాలర్ సుమారు 29 గ్రాములు. పది థాలర్ల లోజర్ పావుకిలో దాటుతుంది. అంతా హార్జ్ కొండల గనుల్లోంచి వచ్చిన వెండి. ప్రజలు తమ తమ ఆస్తికి తగ్గ లోజర్ కొనాలి, ఇంట్లో దాచాలి, అడిగితే చూపించాలి. ఖర్చుపెట్టడానికి మాత్రం లేదు. ప్రభువుకి అవసరమొస్తే ఆ వెండి సిద్ధంగా ఉండాలి. అంటే జనం ఇళ్ళే ఆయన ఖజానా! ఇవాళ మనం మురిసిపోయే ఆ మెరుపు ఎవరి అభిరుచీ కాదు, ఒక ఆజ్ఞ.

మరి అరిగిన నాణేలో? 1619-1623 మధ్య, ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైన రోజుల్లో, మంచి నాణేల్ని త్రాసులో తూచి ఏరేసి, కరిగించి, రాగి కలిపి చిల్లర కొట్టారు. కొట్టించింది దొంగలు మాత్రమే కాదు, సాక్షాత్తూ పాలకులు కూడా. జీతం రాళ్ళ మీద బతికేవాళ్ళు మునిగిపోయారు. ఆ నల్లబడ్డ రాగి ముక్కల్లో ఒక కాలపు కడుపుమంట ఉంది. క్యాటలాగు మాత్రం వాటిని ఒక్క వాక్యంలో దాటేస్తుంది.

"అందం మాటేమిటి?" అంటారు. ఒప్పుకుంటాను, 17వ శతాబ్దపు గనుల లోజర్లు నిజంగా అందమైనవే. కానీ ఆ బొమ్మని కూడా చదవాలిగా? పైన రాజచిహ్నమైన గుర్రం దూకుతుంటుంది, మబ్బుల్లోంచి ఒక చెయ్యి దానికి కిరీటంలా దండ పెడుతుంటుంది. కింద వెండి తవ్వే మనిషి బియ్యపుగింజంత.

థాలర్ అన్న మాట బొహీమియాలోని యోఆకిమ్స్‌థాల్ గనుల ఊరి పేరులోంచి వచ్చింది. అదే డాలరై, మన ఇళ్ళల్లో గొలుసుకి వేలాడే బిళ్ళ దాకా చేరింది. నోళ్ళలో నలిగింది కాబట్టే బతికింది.

నాణేలు సేకరించొద్దని కాదు. బరువు, సంవత్సరం, ధర రాసేచోట ఇంకో వరుస చేర్చమంటున్నాను: తవ్వింది ఎవరు, బలవంతాన కొన్నది ఎవరు.