జమా ఖర్చులు: సిస్టరమ్మ అడిగిన ప్రశ్న

మా బ్యాంకులో అప్పుడప్పుడు ఖాతాదారులచేత ఒక ఫారం నింపిస్తాం, "మా సేవలు తృప్తికరంగా ఉన్నాయా?" అని. చాలామంది చదవకుండానే "ఉన్నాయి" దగ్గర టిక్కు పెట్టి వెళ్ళిపోతారు. అందుకే తృప్తి అన్నమాట మీద నాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. మా బావగారిని చూశాక అభిప్రాయం మార్చుకున్నాను.

బావగారు మా బరంపురంలోనే ఉంటారు. రెండేళ్ళ క్రితం ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. డయాలసిస్ దాకా రాలేదు. డాక్టరుగారు మంచివారే. కాని బయట అంతమంది కాచుకుని ఉంటే ఒక్కొక్కరితో ఎంతసేపని మాట్లాడతారు? బావగారు "బాగానే ఉందండీ" అనేసి చీటీ పుచ్చుకుని వచ్చేసేవారు. క్రియాటినిన్ మాత్రం పెరుగుతూనే ఉండేది.

తర్వాత ఆ ఆసుపత్రిలో ఇటువంటి రోగులను నెలనెలా ఒక సీనియర్ నర్సు చూసే ఏర్పాటు చేశారు. ఆవిడ బి.పి. చూసి, కంచంలో ఊరగాయ, ఎండుచేప, అప్పడం ఎంతెంత పడుతున్నాయో ఆరా తీసి, ఒడియా కలిసిన తెలుగులో, "మోకాళ్ళ నొప్పికి ఏం వేసుకుంటున్నారు బాబాయ్?" అని అడిగింది. మందుల షాపులో కొని రోజూ మింగుతున్న నొప్పి బిళ్ళల సంగతి అప్పుడు బయటపడింది! అసలే దెబ్బతిన్న మూత్రపిండాలకు అవి మరీ చేటు. ఆ రోజే డాక్టరుగారికి చెప్పి మాన్పించింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అక్కయ్య నిలదీస్తే, "ఎవరూ అడగలేదుగా!" అన్నారు బావగారు.

నెదర్లాండ్స్‌లో 9 ఆసుపత్రులలో 788 మంది రోగులపై జరిపిన పరిశీలన 2014లో వెలువడింది. డాక్టరుతోపాటు శిక్షణ పొందిన నర్సు కూడా చూసుకున్నవారిలో మరణం, మూత్రపిండాలు పూర్తిగా పనిచేయకపోవడం, క్రియాటినిన్ ఒకటిన్నర రెట్లకు చేరడం, ఈ మూడూ కలిపి లెక్కిస్తే సుమారు 20 శాతం తగ్గాయి. నర్సు డాక్టరుకు బదులు కాదు. డాక్టరు చెప్పింది ఇంట్లో అమలయ్యేలా చూసే మనిషి.

బావగారి క్రియాటినిన్ తగ్గలేదు. కాని ఆరునెలలుగా పెరగనూ లేదు. ఆయన ఏ ఫారమూ నింపలేదు. చెప్పిన తేదీకి మాత్రం తప్పకుండా వెళ్తున్నారు, దాచకుండా చెబుతున్నారు. తృప్తికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మీ ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు షాపులో కొన్న బిళ్ళలు, నాటు మందులు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. సిస్టరమ్మ అడగకపోయినా చూపించండి.